దొర కడిగిన కాళ్లు

తొంభైల చివర మేడ్చల్‌లో ఒక చిన్న నర్సింగ్ హోంలో పుండ్లకు కట్లు కట్టేవాణ్ని. మా తాత ఊరి దొర, ఎదురైతే జనం చెప్పులు విప్పి చేతబట్టుకునేవారు. భూములు పోయాయి, కోటలాంటి మా గడీ కూలింది. నాకు దక్కింది నిటారు వెన్నొక్కటే. స్టూలు మీద కూర్చున్నా అది వంగేది కాదు.

డాక్టరమ్మ మొదటిరోజే చెప్పింది: "ఒకరిని ముట్టుకున్న చేతులు కడగకుండా ఇంకొకరిని ముట్టుకోవద్దు. ఒకరి చీము ఇంకొకరి పుండులోకి పోతుంది."

శామీర్‌పేట నుంచి ఒక అవ్వ వచ్చింది. ఒకప్పుడు మా పొలాల్లో నాట్లు వేసిన మనిషి. షుగరు, కాలివేలికి పుండు. కట్టు కట్టి, లేచి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాను. అవ్వ ముఖం మాడిపోయింది.

"గడీ పోయినా గుణం పోలే! నన్ను ముట్టుకుంటే మైలయిండట" అని బెంచీ మీదివాళ్లకు చెప్పి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు.

"రోజూ కట్టు మార్చకపోతే వేలు పోతుంది, ఆ తర్వాత కాలే పోతుంది" అంది డాక్టరమ్మ. స్కూటరు తీసుకుని అవ్వ ఇంటికి పోయాను.

"చేతులు కడుక్కోనంటే వస్త" అంది.

సరేననే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"పొద్దున్నే ఒకాయన సెగ్గడ్డ పిండిన, అవ్వా. గా చేతులతోనే నీ కాలు పట్టుకోవాల్నా?"

అవ్వ ముక్కు మూసుకుంది. "అయితే పెండ్లికొడుక్కి కడిగినట్టు నా రెండు కాళ్లు కడుగు. గప్పుడు నమ్ముత, నువ్వు కడుక్కునేది మైలకు కాదని."

నర్సింగ్ హోంలో అందరూ చూస్తుండగా చేతులు కడుక్కుని నేలమీద కూర్చున్నాను. మంచి కాలికి సబ్బు, పుండు కాలికి కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు. మంచి కాలి వేళ్ల సందులు రుద్దగానే అవ్వ కిలకిలా నవ్వింది. "అయ్యో, సక్కిలిగిలి దొరా!" తొట్టి తన్నేసింది. నీళ్లన్నీ నా మీద! డాక్టరమ్మ గోడ పట్టుకుని నవ్వింది. నాకూ ఆగలేదు. అంత నవ్వు ఆ వెన్నులో ఎక్కడ దాగిందో!

కట్టు కట్టాక అవ్వే మగ్గుతో నా చేతుల మీద నీళ్లు పోసింది. "గోర్ల సందుల ఇంకా రుద్దు!"

ఆ తర్వాత అవ్వ కట్టుకు రావడం ఒక్కరోజూ మానలేదు. పుండు మానిన రోజు బెంచీ మీద కాలు చాపి, అందరికీ వినపడేలా వేళ్లు లెక్కపెట్టింది. అయిదూ ఉన్నాయి. పక్కన దగ్గుతో వచ్చినాయన నా వైపు ఆశగా చూస్తూ చెప్పులు విప్పాడు.