కొలవని రెండు బిళ్లలు

చంద్రపూర్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు గ్యాస్ సెన్సర్. టిన్ ఆక్సైడ్ పొడిని ఫర్నేస్‌లో వేడిచేసి, బిళ్లగా నొక్కి, కార్బన్ మోనాక్సైడ్ తగిలితే దాని నిరోధం ఎంత పడిపోతుందో చూడాలి. రేణువు ఎంత చిన్నదైతే అంత మంచిది. పెద్ద రేణువులో గ్యాస్ ప్రభావం పైపొరకే ఆగిపోతుంది. కొన్ని నానోమీటర్ల రేణువుకు పైపొర తప్ప లోపలంటూ పెద్దగా ఉండదు, కాబట్టి గ్యాస్ తగిలితే మొత్తానికీ తెలుస్తుంది. నా పొడికి నాలుగు వందల డిగ్రీలు చాలు. అంతకు బాగా మించితే రేణువులు కలిసిపోయి పెద్దవైపోతాయి.

ఇదంతా తెలిసిన మహాతల్లిని, రెండో విడత పొడికి ఎనిమిది వందలు పెట్టి సాబుదానా వడ తినడానికి పోయాను. మొదటి విడత పొడి ఒక్క బిళ్లకే సరిపోయింది. అది బ్రహ్మాండంగా పనిచేసింది. మా సార్‌కు మూడు బిళ్లల కొలతలు కావాలి. పాడైన పొడితో చేసిన బిళ్ల గ్యాస్ వదిలినా ఉలకదు, పలకదు. మర్నాడే రిపోర్టు ఇవ్వాలి. మిగతా రెండింటి అంకెలు, మొదటిదానికి కాస్త అటూ ఇటూగా, నేనే రాసేశాను. సార్ మెచ్చుకున్నారు. సిగ్గులేకుండా నవ్వాను.

నాన్న చంద్రపూర్ పక్కనే ఉన్న దుర్గాపూర్ దగ్గర బొగ్గుగనిలో సర్దార్. షిఫ్టువాళ్లకంటే ముందు తాను వెళ్లి, గ్యాస్ లేదని చూసుకుని, గోడమీద సుద్దతో తేదీ వేసి సంతకం పెడతాడు. అది చూశాకే మిగతావాళ్లు పని మొదలుపెడతారు. ఆ సాయంత్రం నా రిపోర్టు జిరాక్స్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గీ గీత కిందికి పడ్డదంటే గ్యాస్ దొరికినట్టేనా బిడ్డా?"

"అవును బాపూ."

"మూడిట్ల గూడ గిట్లనే వచ్చిందా?"

"వచ్చింది."

"ఇగ నాకేం ఫికర్. నేను మూలమూల చూసినంకనే సంతకం పెడ్త. ఒక్కరోజు ఒళ్లు బరువై చూడకుంట పెట్టిననుకో, నా ఎనక వచ్చేటోళ్లు ఏం గావాలె? నీది గూడ గసొంటి పనే."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చెప్పేద్దామని నోరు తెరిచి, మంచినీళ్లు కావాలా అని అడిగాను.

మర్నాడు సార్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టి, మళ్లీ మొదటినుంచి చేయమన్నారు. ఈసారి ఫర్నేస్ దగ్గరనుంచి కదలకుండా చేశాను, మూడు బిళ్లలూ కొలిచాను. సార్ ముందు తల దించుకోవడం అంత కష్టమనిపించలేదు. కానీ ఈలోగా నాన్న ఆ జిరాక్స్‌ను గనికి తీసుకుపోయి అందరికీ చూపించాడు. ఆయన సంతకాన్ని నమ్మి పనిచేసేవాళ్లు ఆయన మాటమీదే నా అంకెలనూ నమ్మారు. వాటిలో రెండు అబద్ధమని నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు.