అవ్వ ఎంచిన మైసూరు పుస్తకం

ఊరు చూడబోతూ ముందే ఆ ఊరి పుస్తకం కొనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అన్నీ ముందే చదివేస్తే ఇంక పోయి చూసేదేముంది? ఈ మాట అంటే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఒక పుస్తకం మా అవ్వను ఏం చేసిందో వాళ్లకేం తెలుసు! అలాగని ఆ పుస్తకం మీద నాకు కోపం నిలవదు. దాని పేజీలు తలుచుకుంటే ఇప్పటికీ కళ్ల మీదికి మగత వస్తుంది, చెవుల్లో నీళ్ల చప్పుడు మొదలవుతుంది.

అరవైల మొదట్లో మాట. ధర్మవరంలో మగ్గాల వీధి మాది. నాయన పట్టుచీరలు నేసేవాడు. నేను ఆరో తరగతి చదువుతున్నాను. నాయన తల్లి, మా అవ్వ, హిందూపురం పక్క పల్లెలో పుట్టింది. ఆ పక్క వాళ్లందరికీ రెండు భాషలూ నోట్లోనే ఉంటాయి. అవ్వ ముద్దు చేస్తే తెలుగులో చేసేది, తిడితే కన్నడంలో తిట్టేది. చదవడానికి మాత్రం ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు.

అవ్వ కండ్లకు పొర కమ్మింది. ఎడమ కంటికి ఆపరేషను చేయిస్తే కుదరలేదు. కుడి కంటికీ చేయిద్దామంటే మంచం కోడు పట్టుకుని కదల్లేదు.

"ఉన్న ఒక్కదాన్నీ ఆడ ఇచ్చి రమ్మంటారా? పొండి పొండి!" అంది.

ఆ ఒక్క కంట్లోనూ మసక పెరుగుతూ వచ్చింది. పొద్దు గూకగానే ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని వీధి చివరి కరెంటు దీపం వైపు ముఖం తిప్పేది.

"ఎలిగిందా మే?"

"ఎలిగిందవ్వా."

"ఆఁ, కనబడతాండాది. ఎర్రగా, ముద్ద మాదిరి."

ఆ ఎర్రటి ముద్ద కనబడినంత కాలం తన కన్ను పోలేదని అవ్వ లెక్క. రోజూ అదే పరీక్ష. గెలిచాక ధీమాగా లోపలికొచ్చి అన్నం పెట్టమనేది.

అవ్వకు పెనుకొండలో ఒక చెల్లెలు ఉండేది. మేం చిన్నవ్వ అనేవాళ్లం. ఆమె చుట్టాలతో మైసూరు పోయి, అక్కడి ఆనకట్ట కింది తోటలో రంగురంగుల నీళ్లు చూసి వచ్చింది. మా ఇంటికొచ్చి రెండు రోజులు అదే కథ. నీళ్లు మనిషంత ఎత్తు లేస్తాయంట, ఎర్రగా ఉన్నవి చూస్తుండగానే పచ్చగా అవుతాయంట. "నువ్వు చూడల్ల అక్కా, చూడకపోతే ఏం బతుకు!" అని పోయింది. తాగే నీళ్లకు బిందెలతో కొట్లాడుకునే వీధి మాది. నీళ్లకు రంగులేసి గాల్లోకి ఎగరేసే ఊరొకటి ఉందంటే నమ్మడానికి కష్టంగా ఉండేది. అవ్వకు మాత్రం రోషం పొడుచుకొచ్చింది.

"అంత ఎలుతురంటే నా కంటికీ కనబడతాది. అది మూతబడే లోపల నన్ను తీసుకపో నాయనా," అంది మా నాయనతో. అడగక అడగక అడిగిన కోరిక. నాయన కాదనలేదు.

పట్టు తేవడానికి నాయన హిందూపురం పోతూ మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకున్నాడు. దారీ తెన్నూ తెలియని ఊరు, పుస్తకం ఉంటే మంచిదని ఎవరో చెప్పారంట. బజారులో ఒక అంగడి, ఒక పక్క కన్నడ పుస్తకాలు, ఒక పక్క తెలుగువి. అంగడాయన మూడు తీసి మా ముందు పెట్టాడు.

నాయన చెయ్యి నేరుగా కన్నడ పుస్తకం మీదికి పోయింది. అట్ట నిండా రంగులు. బొటనవేలితో కాగితాన్ని రుద్ది, వెలుతురుకు పట్టి, "అంచు ఎంత బాగుండాదో చూడమ్మా, పైటకు పనికొస్తాది," అన్నాడు. నేసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

"అది కన్నడమప్పా, చదివేదెవరు?" అన్నాడు అంగడాయన.

"మాట్లాడేదానికైతే నేనుండా. చదివేదానికి ఎవురూ లేరు. పక్కన పెట్టు," అంది అవ్వ.

రెండోది పల్చటి తెలుగు పుస్తకం, బొమ్మ ఒక్కటీ లేదు. అవ్వ చదవమంది. బస్సులు ఎప్పుడెప్పుడు, సత్రాలు ఎక్కడెక్కడ, ఏ తలుపు ఎప్పుడు తీస్తారు, ఎప్పుడు మూస్తారు. నేను గడగడా చదువుకుంటూ పోయి, తోట దీపాలు వెలిగించే రోజులు అన్న చోటికి వచ్చాను.

"నిలుపు మే! ఎక్కాలు ఒప్పజెప్పినట్ల ఉండాది. దీంట్లో ఒక పువ్వన్నా పూసిందా?" అని అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

మూడోది తెరిచాను. రాసినాయన ఎవరో గానీ, పుణ్యాత్ముడు, బస్సుల జోలికే పోలేదు. సాయంత్రం ఆనకట్ట మీది నుంచి మెట్టు మెట్టుగా తోటలోకి దిగి వస్తుందట. చెట్లన్నీ మాటలు ఆపేస్తాయట. నీళ్లు ఊపిరి బిగబట్టి కాచుకుని ఉంటాయట. నేను చదువుతుంటే అంగడాయన కాగితం చుట్టడం ఆపేశాడు. అవ్వ మసక కన్ను మూసుకుని వింది.

"ఇదే," అంది.

"అవ్వా, పోయేవాళ్లకు ఆ చిన్నదే ఉపయోగం," అన్నాడు అంగడాయన.

"పోయేది నేనా, నువ్వా?"

ఆయన పుస్తకం కట్టి ఇచ్చాడు.

ఆ తర్వాతి సాయంత్రాలు నా జీవితంలో మళ్లీ రాలేదు. మగ్గాల చప్పుడు సద్దుమణిగే వేళకు నేను తిన్నె మీద పుస్తకం తెరిచేదాన్ని. అవ్వ కాళ్లు చాపుకుని కూర్చునేది. నాలుగు వాక్యాలు చదివేసరికి మా వీధి మట్టి చల్లబడినట్టుండేది. గుమ్మాల ముందు కాలువలు పారుతున్నట్టు, ఎదురింటి మొండిగోడ మీద పూలతీగ పాకినట్టు అనిపించేది. అవ్వ ఆ తోటలో తిరిగేది. "ఆ ఎడం పక్క మెట్లకాడ జారతాది, పైలం," అని నాకే హెచ్చరిక చెప్పేది. ఒక్కోరోజు ఎవరో పువ్వులు తెంపుతున్నారని కన్నడంలో తిట్లు లంకించుకునేది. నాయన లోపల కూర్చుని పట్టుదారం కండెకు చుడుతూ నవ్వుకునేవాడు. ఎంత హాయిగా ఉండేదో! ఊరికి పోకపోయినా పర్వాలేదు, ఇలా చదువుతూనే ఉండొచ్చు అనిపించేది నాకు.

కానీ అవ్వ కన్ను మసకబారుతూనే ఉంది. వీధి దీపం ముద్ద చిన్నదయిందని ఒకరోజు తనే అంది. నాయన గుండెలో రాయి పడింది. మగ్గం మీద ఉన్న పడుగు నేసి అయిపోగానే, కొత్త పడుగు ఎక్కించే లోపల పోయి రావాలి. మంచి రోజు తనే చూశాడు.

"అమావాస్య నాటికి ఆడుందాం. చీకటి చిక్కగా ఉంటే దీపాలు బాగా కనబడతాయి. జనాలకూ తీరిక, తోటోళ్లు అన్నీ ఎలిగిస్తారు," అన్నాడు.

అమావాస్యకు మా వీధిలో ఒక్కరూ మగ్గం ముట్టరు. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ఆ పూట ఊరంతా ఊరికే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది అదే. అమావాస్యనాడు పని మానని ఊళ్లు కూడా ఉంటాయని మా నాయనకే కాదు, మా వీధిలో ఎవరికీ తట్టలేదు.

అమ్మను ఇంటికి కాపలా పెట్టి ముగ్గురం బయలుదేరాం. బెంగుళూరులో బండి మారి మైసూరు చేరాం. అమావాస్య సాయంత్రానికి తోటలో ఉన్నాం. అబ్బ, ఆ పచ్చదనం! అవ్వను నీళ్లకు ఎదురుగా మెట్ల మీద కూర్చోబెట్టాం. తడిగాలి ముఖానికి తగిలితే చిన్నపిల్లలా మురిసింది. పొద్దు గూకింది. చీకటి పడింది. నీళ్లు నల్లగా అలాగే ఉన్నాయి. చుట్టూ నలుగురైదుగురు తప్ప జనం లేరు. కప్పలు అరుస్తున్నాయి.

నాయన లేచి దూరంగా ఉన్న కావలి మనిషి దగ్గరికి పోయాడు. వెనకే నేనూ పోయాను. దీపాలు శనివారం, ఆదివారం మాత్రమేనని, ఈ రోజు బుధవారమని అతను వచ్చీరాని తెలుగులో చెప్పాడు.

"ఈ పొద్దు అమావాస్య గదప్పా!" అన్నాడు నాయన.

"అయితే ఏమి?" అన్నాడతను.

నాయన ముఖం చూడలేకపోయాను. శనివారం దాకా ఉండే వీలు లేదు, కొత్త పడుగు ఇంట్లో వచ్చి కూర్చుంది. మళ్లీ వచ్చేదాకా అవ్వ కన్ను ఆగుతుందో లేదో. ఆయన నా భుజం పట్టుకున్నాడు.

"అవ్వకు చెప్పొద్దమ్మా. ఎట్లాగూ ఇంత దూరం ఆమెకు కనబడదులే. నువ్వు పుస్తకంలో ఉన్నట్ల చెప్పు. అదే చూసినట్ల అనుకుంటాది."

చీకట్లో పుస్తకం ఎందుకు? అంతా నోటికొచ్చు. అవ్వ పక్కన కూర్చుని మొదలుపెట్టాను. నీళ్లు లేచాయవ్వా అన్నాను. మొదట పాలలా తెల్లగా ఉన్నాయన్నాను. ఇప్పుడు మిరపపండు రంగు, ఇప్పుడు నెమలికంఠం, ఇదో మన మొన్నటి చీర అంచు ఉందే, ఆ వంగపండు రంగు అన్నాను. చెబుతుంటే నాకే కనబడసాగాయి. ఆ నల్లటి నీళ్ల మీద రంగులు ఒకదాంట్లోంచి ఒకటి విప్పుకుంటుంటే నేను నిజంగా చూశాను. ఇప్పటికీ మైసూరు అంటే నాకు ఆ రంగులే గుర్తు.

"యాడ మే?" అంది అవ్వ.

"ఎదురుగానే అవ్వా."

"ఎంత దూరం?"

"మన తిన్నెకాడి నుంచి వీధి దీపం ఉంటాదే, అంత."

అవ్వ కాసేపు అటే చూసింది. తర్వాత కండ్లు మూసుకుంది. చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడిచింది. సత్రంలో మూసిన కన్ను తెరవలేదు, పొద్దున బండెక్కాకా తెరవలేదు. ఇడ్లీ వద్దంది.

"చూసిన రంగులు జారిపోకుండా మూసుకోండాది," అని నాయన నాతో మెల్లగా అన్నాడు. పాపం, ఆయన ముఖంలో కాస్త కళ వచ్చింది.

హిందూపురం దాటాం. ముందే కబురు పెట్టాం గనక పెనుకొండ స్టేషన్లో చిన్నవ్వ బొబ్బట్లు, మా పక్క ఓళిగలంటాం, మూటగట్టుకుని కాచుకుని ఉంది. కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"చూస్తివా అక్కా?"

అవ్వ కండ్లు మూసుకునే పుస్తకం మొదటి పేజీ అంతా చెప్పింది. సాయంత్రం మెట్లు దిగడం, చెట్లు మాటలు ఆపడం, ఒక్క ముక్క పోలేదు. గొంతులో మాత్రం ఉత్సాహం లేదు. చిన్నవ్వ నోరు తెరుచుకుని వింది.

"అవునక్కా, అవును! ఆ దీపాలు ఎలిగినప్పుడు జనాలు ఓ అని కేకలేస్తారే, నా చెవులు గింగిరుమనె! ఆ తోపులాటలో నా చెప్పు కూడా పోయె. నిన్ను తొక్కలేదు గదా?"

అవ్వ తల ఒక్క క్షణం పక్కకు వాలింది. వింటున్నట్టు, గుర్తు తెచ్చుకుంటున్నట్టు. ఇంతలో బండి కదిలింది. చిన్నవ్వ మూట నా ఒళ్లో పడేసి చెయ్యి ఊపుతూ వెనకబడిపోయింది.

నాయన ఎదురు బల్ల మీద కునుకుతున్నాడు. అవ్వ నా చెవి దగ్గరికి వంగింది.

"మే. మన కాడ ఎవురూ అరవలేదే. కప్పలే గదా అరిచింది. నిజం చెప్పు, ఆడ దీపాలు ఎలిగినాయా?"

నాయన వైపు చూశాను. ఆయన తల ఊగుతోంది.

"ఎలగలేదవ్వా."

కన్నడం మొదలవుతుందని బిగుసుకుని కూర్చున్నాను. అవ్వ గుండె నిండా ఊపిరి తీసుకుని వదిలింది.

"అట్లయితే నా కన్ను పోలేదా!"

కన్ను తెరిచింది. నిన్న సాయంత్రం నుంచి మొదటిసారి. కిటికీ వైపు తిరిగి చెయ్యి చాపింది.

"ఆ నల్లంగా ఉండేది కొండేనా?"

"కొండే అవ్వా. పెనుకొండ కొండే."

"కనబడతాండాది. రాత్రంతా సచ్చిపోతి గదే తల్లీ. వీధి దీపమంత దూరంలో అంత ఎలుతురు ఉంటే, నాకు చుక్క కూడా కనబడకపాయె. ఇంక అయిపోయింది నా పని అనుకుంటి."

అప్పుడు తెలిసింది నాకు, ఆ రాత్రి ఆ మెట్ల మీద మేం అవ్వకు ఏం చూపించామో. ఏడుపొచ్చేసింది. అవ్వ తన కొంగుతో నా ముఖం తుడిచి, తనూ తుడుచుకుని, కిసుక్కున నవ్వింది.

"మీ నాయనకు చెప్పొద్దు, నేను కనుక్కొంటినని. వాడు నొచ్చుకుంటాడు. ఈ తూరి హిందూపురం పోయినప్పుడు ఆ ఎక్కాల పుస్తకం తెచ్చుకుందాం. దినం చూసుకోని పోదాం."

ఓళిగల మూట విప్పమంది. రెండు తింది.

మేము మళ్లీ మైసూరు పోలేదు. పడుగు తర్వాత పడుగు వచ్చింది. ఆ చిన్న పుస్తకం కొననే లేదు. కానీ ఆ సాయంత్రం ధర్మవరంలో దిగి మా వీధి మలుపు తిరిగామో లేదో, నేను నోరు తెరవకముందే అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

"ఎలిగిండాది," అంది.