పురికొసతో కట్టిన తెర

మనిషి కనిపిస్తే చాలు, కౌసర్ బొటనవేలు కదులుతుంది. చిటికెన వేలి అడుగు కణుపు దగ్గర మొదలై, మనిషికొక కణుపు చొప్పున జరుగుతూ పోతుంది. ఎవరితో మాట్లాడుతున్నా, పుస్తకం మీద ముద్ర వేస్తున్నా ఆగదు. తెనాలిలో ఆమె తల్లి మహబూబ్ బీ నమాజు అయ్యాక అలాగే కణుపుల మీద దేవుణ్ణి తలుచుకునేది. కూతురు మనుషుల్ని లెక్కపెడుతుంది.

రేపల్లెలోని ఆ చిన్న గ్రంథాలయంలో ఆమెది ఇరవై రెండేళ్ళ కొలువు. పొద్దుటి రైలుకు తెనాలి నుంచి వచ్చి ఎనిమిదింటికి తలుపు తీస్తుంది. పేపర్లను ఏ కాగితానికా కాగితం విడదీసి, వరండాలో బల్ల మీద రాళ్ళ బరువు పెడుతుంది. అలా ఒక్క పేపరు ఆరుగురికి వస్తుంది. వరండాలో చదివేది మిల్లు హమాలీలు, చేపలమ్మేవాళ్ళు, ఆటోవాళ్ళు. లోపల కుర్చీల్లో ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్ళు. సాయంత్రం రిజిస్టరులో రెండు అంకెలు రాస్తుంది: లోపల ఇంతమంది, వరండాలో ఇంతమంది. మిగతా ఊళ్ళలో రోజూ వంద అని రాసి ఊరుకుంటారట. ఆమె ఏనాడూ ఒకటి ఎక్కువ రాయలేదు, ఒకటి తక్కువ రాయలేదు.

జూన్‌లో బాపట్ల నుంచి జాన్ బాబు అనే ఇంజనీరు వచ్చి గుమ్మానికి సబ్బుపెట్టంత డబ్బా బిగించాడు. ఇకమీదట మనుషుల్ని అదే లెక్కపెడుతుంది, అంకెను బాపట్లకు అదే పంపుతుంది. ముందు మూడు రోజులు పరీక్ష. యంత్రం లెక్కా చేతి లెక్కా పక్కపక్కన రాయాలి. నూటికి అయిదు మించి తేడా వస్తే యంత్రం పనికిరాదు. ఆ నియమాల కాగితాన్ని కౌసర్ రెండుసార్లు చదివింది. ఇన్నాళ్ళకు లెక్కకు మర్యాద దొరికిందనుకుంది.

వరండాలో వాళ్ళ సంగతేమిటని అడిగింది.

"గుమ్మం దాటినవాళ్ళనే రాయమన్నారండి. మనం పరీక్షించేది యంత్రాన్ని మేడమ్, గ్రంథాలయాన్ని కాదు," అన్నాడతను.

మాట సబబుగానే తోచింది.

మొదటి రోజు ఆమె లెక్క నలభై ఒకటి. యంత్రం లెక్క డెబ్భై. జాన్ బాబు డబ్బాను పైకి జరిపాడు, కిందికి జరిపాడు, చివరికి ఇది పనికిరాదని విప్పబోయాడు. కౌసర్ అతన్ని ఆగమని, కుర్చీ లాక్కుని గుమ్మానికి ఎదురుగా కూర్చుంది. ఫ్యాను గాలికి గుమ్మం తెర ఊగుతోంది. ఊగినప్పుడల్లా డబ్బాలో ఎర్రదీపం వెలుగుతోంది, అంకె ఒకటి పెరుగుతోంది. ఆమె లేచి తెరను పక్కకు లాగి పురికొసతో కట్టేసింది.

పరీక్ష మళ్ళీ మొదలుపెట్టారు. మూడు రోజులూ ఒకటికి మించి తేడా రాలేదు. ఇంత బాగా కుదిరిన పరీక్ష జిల్లాలోనే లేదన్నాడు జాన్ బాబు. యంత్రం సరిగ్గా ఉందన్న కాగితం మీద కౌసర్ సంతకం చేసింది. ఆ రోజు రైల్లో కూర్చునే చోటు దొరకలేదు. తెనాలి దాకా సంతోషంగానే నిలబడింది.

ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. యంత్రం లెక్కన రోజుకు అరవై మంది రాని చోట పొద్దుటి పూట తెరవరు. ఈ నెల అంకెలే చూస్తారు. వరండాకు మనుషులు వచ్చేది పొద్దుటి పూటే.

ఆమె రిజిస్టరు పట్టుకుని బాపట్ల వెళ్ళింది. పై అధికారి కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. అంతా విని ఆమె సంతకం ఉన్న కాగితం తీసి ముందుంచాడు.

"చేతి లెక్కల్ని నమ్మలేకే కదమ్మా యంత్రం పెట్టింది. అది సరిగ్గా ఉందని రాసిచ్చింది మీరేగా."

రిజిస్టరు ఆయన తెరవలేదు.

తిరుగు రైల్లో ఆమె తెరిచింది. తెర కట్టకముందు, పరీక్ష మొదటి రోజు: లోపల నలభై ఒకటి, వరండాలో ముప్పై ఒకటి. మొత్తం డెబ్భై రెండు. ఆ రోజు యంత్రం చూపింది డెబ్భై. తేడా నూటికి అయిదు లోపే.

నాలుగింటికి తలుపు తీసేసరికి వరండాలో హనుమయ్య ఉన్నాడు. మిల్లు హమాలీ. ఒంటినిండా తవుడు. ఆ సాయంత్రం మిల్లు లేదట.

"బాబాయ్, రేపట్నుంచి మీరంతా లోపలికొచ్చి కూర్చోండి," అంది.

"ఈ తవుడుతోనా?" అతను పేపరు మీంచి తలెత్తలేదు. "ఇరవై ఏళ్ళు బయట కూర్చోబెట్టి, ఇప్పుడు డబ్బా కోసం రమ్మంటన్నారా అమ్మా?"

వరండాలో బల్ల వేయించింది తనే. అది మంచిపనే అనుకుంది.

"ఆ తెర విప్పరాదూ," అన్నాడు హనుమయ్య. "మాకంటే అదే నయం. సిగ్గూ శరం లేకుండా వస్తా పోతా ఉంటది."

ఇక్కడ దొంగ లెక్కలు రాయరని ఆమె గట్టిగానే అంది. అతను కాగితాన్ని రాయి కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎనిమిదింటికి కౌసర్ తలుపు తీసింది. పేపర్లు విడదీసి, రాళ్ళు పెట్టింది. తర్వాత తెర దగ్గరికి వెళ్ళింది. వానలకు నాని ముడి బిగిసిపోయింది. గోళ్ళతో గుంజి విప్పింది. ఫ్యాను పూర్తిగా పెంచింది. తెర ఊగింది. ఎర్రదీపం వెలిగింది, మళ్ళీ వెలిగింది. ఆమె కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేళ్ళు లోపలికి మడిచి పిడికిళ్ళు బిగించింది.