ఒకే బల్ల కోసం

మా పిన్ని రేవు ఆఫీసులో దుబాసీ. ఓడల మీద వచ్చే పరాయి దేశస్థుల మాటలు అధికారులకూ, అధికారుల మాటలు వాళ్లకూ చేరవేయడం ఆమె ఉద్యోగం. బాబాయి అక్కడే పరిచయమయ్యాడు. సముద్రానికి అవతలి దేశం మనిషి, ఓడ ఇంజన్లు బాగుచేసేవాడు. పెళ్లయ్యాక ఇక్కడే ఉండిపోయి, మా అమ్మమ్మ దగ్గర మన భాష నేర్చుకున్నాడు. అందుకే అంత పొడుగు మనిషీ చేతిలోని పానా జారి పాదం మీద పడితే, అచ్చం అమ్మమ్మలాగే "అయ్యో నా తల్లీ" అంటూ బుగ్గ నొక్కుకునేవాడు.

ఇద్దరూ లూథరన్ శాఖ క్రైస్తవులే. పిన్ని చిన్నప్పుడు కంఠతా పట్టిన మతబోధ ప్రశ్నోత్తరినే ఆయనా తన భాషలో వల్లెవేశాడు. అయితే మా సంఘానికీ వాళ్ల సంఘానికీ సహవాసం లేదు. అంటే ఒకరి గుడిలో ఇంకొకరు ప్రభువు బల్ల సంస్కారంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకోకూడదు. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం సంస్కారం వేళ పిన్ని లేచింది. బాబాయి మోకాళ్లు పక్కకి తిప్పి ఆమెకి దారి ఇచ్చి, బెంచీ మీదే ఉండిపోయాడు. ఆపైన ఎప్పుడూ అంతే.

"మా సంఘంలోకి మారిపోకూడదూ?" అని పిన్ని ఒకరోజు అడిగింది.

"నువ్వు మా దాంట్లోకి మారతావా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"చూశావా? నేను మారితే నాకు బాప్తిస్మమిచ్చినవాళ్లది తప్పని ఒప్పుకున్నట్టే. వాళ్లది తప్పని నీక్కూడా అనిపించట్లేదు కదా" అన్నాడు బాబాయి.

అందుకే రెండు సంఘాలూ సహవాసం గురించి మాట్లాడుకోబోతున్నాయని తెలియగానే, దుబాసీగా నేనుంటానని పిన్ని తనంతట తానే వెళ్లి చెప్పింది. ఆఫీసులో సెలవు పెట్టి మరీ వెళ్లేది.

గుడి వెనక హాల్లో పొడుగాటి బల్ల వేశారు. ఒకవైపు మా పెద్దలు, ఎదురుగా ఓడ దిగి వచ్చిన పెద్దలు, కొసన పిన్ని. తొలి సమావేశం ఎంత సాఫీగా జరిగిందంటే, రొట్టెలో, రొట్టెతో, రొట్టె కింద క్రీస్తు నిజ శరీరం ఉందని అటువాళ్లు చెప్పినప్పుడు, పిన్ని అనువదించకముందే మావాళ్లు తలలూపారట. "ఇంకేముంది, వచ్చే ఏడాదికి నువ్వూ నాతో లేస్తావు" అని ఆమె ఇంటికొచ్చి బాబాయితో అంది.

రెండోసారి పేచీ మొదలైంది. అటువాళ్లకి మూడో దేశంలోని ఇంకో సంఘంతో అప్పటికే బల్ల సహవాసం ఉంది. ఆ సంఘం బోధ మావాళ్లకి గిట్టదు. "మీతో కలిస్తే వాళ్లతోనూ కలిసినట్టే కదా" అన్నారు మా సంఘం అధ్యక్షులవారు. "కొత్త చుట్టరికం కోసం పాత స్నేహితుల్ని వదులుకోమంటారా?" అన్నారు వాళ్లు. ముందు బడులూ ఆస్పత్రులూ కలిసి నడుపుదాం, బోధలో ఐక్యత దానంతటదే వస్తుందని వాళ్ల వాదన. ముందు బోధ, ఆ తర్వాతే పని అని మావాళ్ల పట్టు. రెండు పక్కలా నిజాయితీ ఉంది. పిన్నికి అదే మరింత చిరాకు. ఎవరైనా దుర్మార్గులైతే తిట్టుకుని ఊరుకునేది.

పైగా అటువాళ్లు వచ్చిన ప్రతిసారీ వాళ్ల నాయకుడు మారేవాడు. కొత్తాయన "మొదటి నుంచి చూసుకుందామా" అనేవాడు. కథ మళ్లీ ప్రశ్నోత్తరి దగ్గరికి వచ్చేది. ఆమె జుట్టు నెరుస్తోంది, వాళ్లు మాత్రం మొదటి అంశం దాటడం లేదు.

ఒక సమావేశం చివర మా అధ్యక్షులవారు లేచి, "మనం చాలా ముందుకు సాగాం, దేవునికి స్తోత్రం" అన్నారు. పిన్ని దాన్ని అనువదించలేదు.

"అయ్యగారూ, ఈ మాట పోయినసారీ చెప్పారు. అప్పుడు ఎక్కడున్నామో ఇప్పుడూ అక్కడే ఉన్నాం. ఇంట్లో మా ఆయనకి నేనేం చెప్పను?" అంది. ఆ వెంటనే అదే మాట అటువాళ్ల భాషలోనూ చెప్పింది.

దుబాసీ తన హద్దులో ఉండాలని మావాళ్లన్నారు, అవునని అటువాళ్లన్నారు. ఇన్నేళ్లలో రెండు సంఘాలూ పూర్తిగా ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే. ఆ మాటనూ పిన్నే అనువదించాల్సి వచ్చింది.

ఆమె క్షమాపణ చెప్పింది, కానీ కడుపుమంట చల్లారలేదు. ఆ ఆదివారం సంస్కారం వేళ లేవకుండా బాబాయి పక్కనే బిగుసుకుని కూర్చుంది. బాబాయి ఎప్పటిలాగే మోకాళ్లు తిప్పాడు. ఆమె కదల్లేదు.

"నాకు లేదని నువ్వు మానేస్తే నాకేం ఒరుగుతుంది? ఆకలి ఇద్దరికీ అవుతుంది, అంతేగా. లే" అన్నాడు గొంతు తగ్గించి. అతనంత కోపంగా మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. లేచి వెళ్లింది.

ఎట్టకేలకు, కుదిరినంత మేర రాసుకున్న ఒప్పందం మా సంఘం మహాసభ ముందుకొచ్చింది. పొద్దున్నంతా చర్చించి, "మరింత అధ్యయనం అవసరం" అని తీర్మానించి భోజనాలకి లేచారు. ఒకరి పాస్టర్లు ఇంకొకరి గుడిలో భూస్థాపన కూడిక జరపవచ్చని మాత్రం ఒప్పుకున్నారు.

"పోన్లే, చచ్చాక పనికొస్తుంది" అన్నాడు బాబాయి. పిన్నికి నవ్వు రాలేదు. "మీవాళ్లు వస్తారా, మావాళ్లు వస్తారా?" అని అడిగింది. అప్పుడు ఇద్దరూ నవ్వారు.

ఇక వెళ్లనని ఆమె అందరికీ చెప్పింది. తర్వాతి సమావేశానికి ఇంకెవరినో పిలిచారు. అతనికి భాష వచ్చు గాని, 'సహవాసం' అన్నచోటల్లా 'సహకారం' అనేసరికి, బల్ల సంగతి ఎత్తకముందే పనుల సంగతి తేల్చేశారనుకుని మావాళ్లు అలిగి లేచిపోయారట. అధ్యక్షులవారు స్వయంగా ఇంటికొచ్చారు.

"ఇంకొక్కసారి రావాలమ్మా" అన్నారు.

"వస్తాను. కానీ ఒప్పుకున్నవాటిని మళ్లీ తవ్వకూడదు. మూడో సంఘం విషయం దగ్గరే మొదలుపెట్టాలి."

ఆయన గడ్డం గోక్కుని, "వాళ్ల కొత్త నాయకుణ్ణి అడగాలి" అన్నారు.

"మళ్లీ కొత్తాయనా?" అంది పిన్ని. అయినా ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు అడిగింది.