అత్త తొక్కించిన పాతర

మా మేనత్త పోయిందని నాయన నేను పనిచేసే స్కూలుకు ఫోను చేసి చెప్పినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఎక్కడ?" అని. ఎట్లా అని అడగలేదు. ఆమె ఏ పూట ఎక్కడ ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు మరి. పట్నంలోని తొండియార్‌పేటలో ఆమె ఇల్లు, రైలెక్కి పోయేంత దూరాన గుమ్మిడిపూండి అవతల ఆమె చూసుకునే గొర్రెల మందలు, చూలైలో తమ్ముడిల్లు, అంటే మా ఇల్లు. వీటి మధ్య ఎప్పుడూ రైల్లోనో బస్సులోనో ఉండే మనిషి.

"ఇంట్లోనే అమ్మీ," అన్నాడు నాయన. "కుర్చీలో కూచోనుండంగానే గుండె ఆగిపోయిందంట. పక్కింటోళ్ళు చూసేసరికే అయిపోయింది." తర్వాత, "కాళ్ళకు చెప్పులుండాయి," అన్నాడు.

ఆ చెప్పుల మాట విన్నప్పటి నుంచి నాకు నిలకడ లేదు. ఇది రాద్దామని కూచుంటాను, లేస్తాను, వంటింట్లోకి పోయి ఎందుకొచ్చానో మరిచి తిరిగొస్తాను. ఇంట్లో ఎవరన్నా గేటు తీస్తే ఆమే అనుకుంటాను. కాబట్టి ఇది కాస్త ముందూ వెనకా అయితే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

ఆమె ప్రభుత్వంలో పశువుల డాక్టరు. ఆమె చదివే రోజుల్లో ఆ చదువుకు ఆడపిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. మామ పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఉండేవాడు, పిల్లల్లేరు. ఆయన పోయాక అత్త రిటైరయ్యే వయసుకు ముందుగానే ఉద్యోగం వదిలేసింది. అందరూ ఇక విశ్రాంతి తీసుకుంటుంది అనుకున్నారు. ఆమె అన్నం నిలబడి తినేది. పేపరు నడవలో తిరుగుతూ చదివేది. కాఫీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేది. భుజాన గుడ్డసంచి, అందులో సూదుల డబ్బా, నైలాన్ తాడు, వేయించిన శనగపప్పు పొట్లం. పక్కన కూచుంటే డెట్టాలు వాసనా గొర్రెబొచ్చు వాసనా కలిసి వచ్చేవి.

ఉద్యోగం ఎందుకు వదిలావత్తా అని ఒకసారి అడిగాను. "రోగానికి సూది వేస్తిని, పురుగులకు మందు తాపిస్తిని. ఆకలికి సూది లేదమ్మీ," అంది.

ఆమె ఆకలి అన్నది ఎండాకాలం సంగతి. మా వైపు వానంతా దీపావళికి అటూ ఇటూ, తమిళుల ఐప్పసి, కార్తిగై నెలల్లో కురిసి పోతుంది. ఆ తడికి లేచిన గడ్డి మాసి నెలకు, అంటే శివరాత్రికల్లా, ఎండిపోతుంది. సరిగ్గా అప్పుడే గొర్రెపిల్లలు తల్లిపాలు మరిచి మేతకు పడతాయి. పడితే నేల మీద దుమ్ము. నడివేసవి కత్తిరి ఎండలకు పిల్లల పక్కటెముకలు బయటికి వస్తాయి. అప్పుడు దళారి వచ్చి చావబోయే పిల్లల్ని అడిగిన ధరకు తోలుకుపోతాడు. ఉద్యోగమంతా అత్త ఏటేటా చూసింది ఇదే.

దానికి ఆమె పట్టుకున్న దారి పాతరగడ్డి. వానాకాలపు తడి మీద జొన్న వేసి, కంకి పాలు పోసుకునేటప్పుడు పచ్చిగా ఉండంగానే కోసి, సన్నగా నరికి, గుంతలో పోసి, బెల్లంనీళ్ళు చల్లి, సందు లేకుండా తొక్కి, పైన ప్లాస్టిక్ పట్ట పరిచి మట్టి కప్పేయాలి. గాలి సోకకుంటే లోపల మాగుతుంది. గడ్డి లేని రోజుల్లో ఆ గుంతే పొలం. వినడానికి సులువే. మాగేదాకా దాని జోలికి పోకూడదు, అంతే. ప్రపంచంలో ఆ పని చేతకాని మనిషి ఒకరుంటే అది మా అత్త.

మొదటి ఏడు ఆమె మాట విని గుంత తవ్వింది మునెమ్మ. గుమ్మిడిపూండి దాటి పడమరగా పోతే కొంచెం చెలక, ఒక చిన్న మంద, మాట వినని మొగుడు ఉన్న మనిషి. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం. అత్త వచ్చినప్పుడల్లా పట్ట మూల ఎత్తి, చెయ్యి దూర్చి, పిడికెడు తీసి వాసన చూసి, మళ్ళీ మట్టి కప్పేదంట. తెరిచే రోజు చూస్తే పైన నల్లగా కుళ్ళు, దాని కింద తెల్లటి బూజు.

"పైది తీసి పారేసి అడుగుది పెడదాం డాక్టరమ్మా. ఆకలికి ఏదో ఒకటి," అని మునెమ్మ బతిమాలింది.

"వద్దు. ఈ బూజు తిన్న గొర్రె తల వాలేసి, ఒకే పక్కకు గిర్రున తిరిగి తిరిగి చస్తుంది. నేను చూసుండాను," అని అత్త పార తీసుకుని గుంతంతా తానే ఎత్తి దూరంగా పోసింది. ఆ వారమే దళారి వచ్చి పిల్లల్ని తోలుకుపోయాడు.

మరుసటి ఏడు వానలు పట్టగానే అత్త మళ్ళీ పోయింది. సెలవు రోజు కాబట్టి నేనూ తోడు పోయాను. మునెమ్మ మాకు కూచోమని చెప్పలేదు, మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. వాకిట్లో నిలబడి, "నీ మాట వినబట్టే నా పిల్లల్ని కత్తికి పంపితిని. ఇంకేం కావాల నీకు?" అంది.

అత్త సంచి కింద పెట్టింది. "తప్పు గడ్డిది కాదు మునెమ్మా, నాది. నా చెయ్యి ఊరుకోదు. నేను మూల ఎత్తినప్పుడల్లా లోపలికి గాలి పోయింది. ఈసారి కాపలా నువ్వే. తెరిచేదాకా నేను ఈడికి రాను. వచ్చి కాళ్ళు పట్టుకున్నా తీయనీబాకు."

"వస్తే కుక్కను వదలతా."

"వదులు," అంది అత్త.

మునెమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

జొన్న కోసి, గుంత నింపి మూసేశాక అత్త తొండియార్‌పేటలో ఉండలేకపోయింది. ఇల్లు స్టేషనుకు మరీ దగ్గర, రైలు కూత వినపడితే కాళ్ళు ఆగవు. అందుకని పెట్టె సర్దుకుని చూలైకి, మా ఇంటికి వచ్చేసింది.

ఆ రోజులు మా ఇంట్లో అందరికీ గుర్తే. మిక్సీ విప్పి మళ్ళీ బిగించింది. నాయన కొట్లో ఇనప సామాన్ల అరలన్నీ మార్చేసి, ఏది ఎక్కడుందో ఆయనకే తెలియకుండా చేసింది. వీధిలో కుక్కలన్నిటికీ సూదులు వేసింది. ఇడ్లీ పిండి గిన్నె మూత పొద్దున్నా సాయంత్రం తీసి చూస్తుంటే మా అమ్మకు ఓపిక పోయింది.

"వదినా, మీ గుంతను వదిలేసి వచ్చి నా పిండి మీద పడ్డారు. దాన్నన్నా పొంగనీండి!"

అత్త పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక గోడ మీది క్యాలెండరు వైపు చూసి మళ్ళీ లేచి తిరగడం మొదలుపెట్టింది.

ఎండలు ముదిరాయి. ఒకరోజు మధ్యాహ్నం మునెమ్మ ఎస్‌టీడీ బూతు నుంచి నాయన కొట్టుకు ఫోను చేసింది. అత్త రిసీవరు లాక్కుంది. మునెమ్మ గొంతు పక్కన నిలబడ్డ నాకే వినపడేంత గట్టిగా ఉంది.

"బక్క పిల్లలు లేచి నిలబడడం లేదు డాక్టరమ్మా. దళారి దొడ్డి కంప కాడే కూచోనుండాడు. నా మొగుడు ఇచ్చేయమంటాడు. గుంత తీసేదా?"

అత్త కళ్ళు మూసుకుంది. "అమావాస్య పోనీ. అప్పటికి మాగుతుంది," అంది. "అందాకా తుమ్మకాయలు రాల్చి పెట్టు. వేపాకు పెట్టు. లేవలేనిదానికి గంజి తాపు. అమ్మబాకు మునెమ్మా."

"చచ్చిపోతే?"

అటువైపు మునెమ్మ ఫోను పెట్టేసింది.

రిసీవరు పెట్టిన చెయ్యితోనే సంచి అందుకుని అత్త వీధిలోకి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. బస్సెక్కాం. తొండియార్‌పేట స్టేషన్లో టికెట్లు కూడా కొన్నది. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ కాలిపోతోంది, ఆమె దాని మీదే కూచుంది. గుమ్మిడిపూండి రైలు వచ్చింది. జనం దిగారు, ఎక్కారు. ఆమె లేవబోయి, బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుంది.

"పోదామా అత్తా?" అన్నాను.

"పోతే గుంత తీసేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

రైలు పోయింది. ఇంకో రైలు వచ్చింది, అదీ పోయింది. రెండోది పోయాక ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "సరి, పద. మీ అమ్మ వెతుకుతుంటుంది," అంది. ఆమె అంతసేపు ఒకచోట కూచోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నెమ్మదిగా కూచున్నది మాత్రం కాదు. పక్కనున్న నాకు ఆమె వణుకు బెంచీలోంచి తెలుస్తూనే ఉంది.

అమావాస్య వెళ్ళిన మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. ఒక పిల్ల అప్పటికే చనిపోయింది. మునెమ్మ ఆ సంగతి చెప్పి, పార అత్త ముందుకు చాపింది. అత్త పార తీసుకోలేదు. "నువ్వే తియ్యి. ఒక్క కొస మాత్రమే. కావలసినంత తీసి మళ్ళీ కప్పేయాల," అంది. మునెమ్మ మొగుడు, దళారి దూరంగా నిలబడి చూస్తున్నారు.

పట్ట ఎత్తగానే పుల్లటి తియ్యటి వాసన గుప్పున వచ్చింది. గడ్డి పచ్చపసుపుగా, ముద్దగా, చేతికి తగిలితే చల్లగా ఉంది. బూజు చుక్క లేదు. అత్త పిడికెడు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

తొట్లో వేస్తే పిల్లలు వాసన చూసి తుమ్మి వెనక్కి పోయాయి. ఒక్కటీ మూతి పెట్టలేదు. దళారి నవ్వాడు. అత్త ఒక పిల్లను పట్టి నోట్లో కుక్కబోతే అది విదిలించుకుని పోయింది. మునెమ్మ మొహం మాడిపోయింది.

"కొత్త వాసన," అంది అత్త, ఎవరికో కాదు, తనకే. ఎండిన చెనక్కాయ తీగ చిదిమి అందులో కలిపింది, పైన గుప్పెడు గానుగచెక్క పొడి చల్లింది. "అందరూ రండి. మనం చూస్తుంటే అవి తినవు," అని మమ్మల్ని గుడిసె వెనక్కి తోలింది. దళారిని కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అందరం గోడ నీడలో నిలబడ్డాం. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత తొట్టి చెక్క మీద డెక్కల చప్పుడు. ఆ తర్వాత నమిలే చప్పుడు, తడిగా, గబగబా. మునెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దళారి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు.

పిల్లలన్నీ బతికాయని రాయను. ఇంకోటి కూడా పోయింది. మిగిలినవి ఆ ఎండల్లో ఎముక కనపడకుండా నిలిచాయి. ఆ తర్వాత చుట్టుపక్కల ఇంకొందరు గుంతలు తవ్వారు. ఎవరన్నా మెచ్చుకుంటే అత్త, "నేను చేసిందేముంది, రాకుండా ఉంటిని," అనేది. అప్పటి నుంచి ఏటా గుంత మూసిన మర్నాడు పెట్టెతో మా ఇంటికి వచ్చేది. ఈ ఏడు ఆమె కోసం అమ్మ మంచం వేసి ఉంచింది.

దహనం అయిన మర్నాడు మునెమ్మకు చెప్పాలని నేనొక్కదాన్నే పోయాను. ఫోనులో చెప్పడానికి మనసొప్పలేదు. పోయేసరికి చెలకలో నరికిన జొన్న కుప్పలు, గుంతలో మునెమ్మా ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ చీరలు ఎగ్గట్టి తొక్కుతున్నారు. గట్టున నిలబడి చెప్పాను. మునెమ్మ కాళ్ళు ఆగాయి. ఒక్క క్షణమే. చూస్తుండగానే మళ్ళీ కదిలాయి.

"పొద్దుగూకేలోపల మూసేయాల," అంది ఏడుస్తూనే. "ఆపితే లోపలికి గాలి పోతుంది. నువ్వూ దిగమ్మా."

చెప్పులు గట్టు మీద విడిచి దిగాను. కాళ్ళ కింద గడ్డి బెల్లంనీళ్ళతో జారుతోంది, మెత్తగా, వెచ్చగా. మునెమ్మ నా చెయ్యి పట్టుకుంది, నేను పక్కామె చెయ్యి పట్టుకున్నాను. గోడ వార నుంచి మొదలుపెట్టి నడిమికి, నడిమి నుంచి గోడకు తొక్కుకుంటూ తిరిగాం. మా కాళ్ళ కింద నేల కొంచెం కొంచెంగా గట్టిపడుతోంది. కంప అవతల గొర్రెపిల్లలు అరుస్తున్నాయి.