యాదగిరన్న చెడగొట్టిన బేరాలు

మా ల్యాబులో ఎవరైనా తీగలు అతికిస్తుంటే వచ్చే సోల్డరింగ్ వాసన తగిలితే చాలు, యాదగిరన్న గుర్తొస్తాడు. ఆయన నేను చదువుకున్న యూనివర్సిటీ ఫిజిక్స్ వర్క్‌షాపులో టెక్నీషియన్. తార్నాకలో గది తీసుకుని నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో నా ఎలక్ట్రిక్ గిటార్‌కూ, దాని ఆంప్లిఫయర్‌కూ ఆయనే వైద్యుడు.

జర్మనీలో ఉద్యోగం వచ్చింది. వారంలో ప్రయాణం. ఆ రెండింటినీ అమ్మేద్దామని, ‘కొత్తవాటిలా ఉన్నాయి’ అని ప్రకటన పెట్టాను. కొనడానికి మొదటి కుర్రాడు వచ్చిన సాయంత్రమే యాదగిరన్న బాగుచేసిన ఆంప్లిఫయర్‌ను స్కూటర్ మీద తెచ్చాడు. నేను వాయించింది విని ఆ కుర్రాడు ముచ్చటపడుతుంటే, ఈయన గొంతు సవరించుకున్నాడు.

“తమ్మీ, గిటార్ మెడ జర వంగి ఉన్నది. మూడో తీగ ఊకె సుతి తప్పుతది. ఇగ ఈ డబ్బా, పొద్దుగూకితే రేడియో పట్టుతది.”

కుర్రాడు హాస్యమనుకుని నవ్వాడు. అంతలో ఆంప్లిఫయర్ కందిపంటకు పట్టే పురుగుల గురించి గంభీరంగా చెప్పడం మొదలుపెట్టింది. అతను చెప్పులు సగం తొడుక్కునే మెట్లు దిగిపోయాడు. మర్నాడు మౌలాలి నుంచి వచ్చినాయన, యాదగిరన్న చెప్పింది విని టీ కూడా పూర్తిచేయకుండా లేచిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. “అన్నా, మీరు నా తరఫా, గిటార్ తరఫా?”

“గిటార్ తరఫే చెల్లె. నువ్వు పోతవ్. అది గీడనే బతకాలె. కొన్నోళ్లు దాన్ని రోజూ తిట్టొద్దు గదా?”

కోపం రెండు రోజులు తగ్గలేదు. కానీ ప్రకటన మాత్రం తీసేసి, ఆయన చెప్పిన లోపాలన్నీ రాసి మళ్లీ పెట్టాను.

ప్రయాణానికి రెండు రోజుల ముందు సీతాఫల్‌మండి నుంచి డిగ్రీ చదివే అమ్మాయి వచ్చింది. యాదగిరన్న నోరు తెరవకముందే నేనే అన్నీ మళ్లీ చెప్పాను. ఆంప్లిఫయర్‌ను కింద పడేసి, విరిగిన మూలను గుట్టుగా అతికించిన సంగతి కూడా.

“ఇంకేమన్న ఉన్నదా అక్కా?”

“లేదమ్మా.”

“అయితే తీస్కుంట. గిటార్ నాకు, రేడియో మా నాయనమ్మకు.”

ఆంప్లిఫయర్‌ను ఆటో ఎక్కించి వచ్చి యాదగిరన్న నావైపు అనుమానంగా చూశాడు. “ఆ మూల ముచ్చట నాకు గూడ చెప్పలే గదా చెల్లె!”

ఇప్పుడు నా దగ్గర పరిశోధనకు చేరే విద్యార్థులకు మొదటిరోజే ల్యాబులో మొండికేసే యంత్రాలన్నీ చూపిస్తాను. చివర్లో నా సంగతీ చెబుతాను: పొద్దున పది దాటేదాకా నేను మనిషిని కాను, రాతలో తప్పు కనిపిస్తే అరుస్తాను. ఒకతను ఆ రోజే పారిపోయాడు. మిగిలినవాళ్లు పదిన్నరకు వచ్చి, నవ్వుతూ పలకరిస్తారు.