మా అత్తకు నేనెంచిన తొట్టి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో ఒక్కటీ లేదు. ఇరవై రెండేళ్ళ వయసు, చెన్నైలో చదివి తెచ్చుకున్న ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా, మెడలో వేలాడే టేపు. ఈ మూడూ ఉంటే ఊరంతా మన సలహా కోసమే కాచుక్కూచున్నట్టు ఉంటుంది. ఎవరైనా కాఫీకి పిలిస్తే ముందు వాళ్ళ గోడలు తట్టి చూసేదాన్ని. "ఈ రంగు ఇక్కడ ఉండకూడదు ఆంటీ" అనేసి, ఆవిడ మొహం ఎలా మారిందో చూడకుండానే సోఫా ఎటు తిప్పాలో కూడా చెప్పేదాన్ని. (ఆ ఏడాది చివరికి మమ్మల్ని కాఫీకి పిలిచేవాళ్ళు బాగా తగ్గిపోయారు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.) ఇదంతా తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ మా అత్త స్నానం తొట్టి దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

అత్తంటే మా నాయనకు అక్క. మామ చిన్న వయసులోనే పోవడంతో మా ఇంటికి వచ్చేసింది. పుదుచ్చేరి బజారులో మా బట్టల కొట్టుంది. అందులో ముప్ఫై ఏళ్ళకు పైగా మీటరు కడ్డీ పట్టుకుని నిలబడింది. కూర్చోమంటే "కూచోని బట్ట చింపితే వంకర పోతాది" అనేది. అలా నిలబడీ నిలబడీ మోకాళ్ళు రెండూ పట్టేశాయి. రోజూ నడుము దాకా వెచ్చటి నీళ్ళలో కాసేపు కూర్చోమన్నాడు డాక్టరు. మూలకుళంలోని మా ఇంట్లో ఆమె గదికి ఆనించి కొత్త బాత్రూం కట్టించాలనుకున్నాడు నాయన. "తొట్టి నువ్వే చూడు పాపా, చదువుకున్నదానివి" అన్నాడు. అంతే, నేను నోట్‌బుక్కు తెరిచి, అక్రిలిక్, ఫైబర్, పోత ఇనుము అని మూడు గళ్ళు గీసేశాను. ఏది ఎన్నేళ్ళు మన్నుతుంది, ఏది గీతలు పడుతుంది, ఏది వేడి పట్టి ఉంచుతుంది అని అన్నీ రాశాను. అందులో కూర్చునే మనిషికి మాత్రం గడి పెట్టలేదు.

అత్తను వెంటబెట్టుకుని ముందు బజారులో ఒక షోరూముకు తీసుకెళ్ళాను. అక్కడి అక్రిలిక్ తొట్లను ఆమె మడిచిన వేళ్ళతో మెల్లగా తాకి, "బాగుండాదిలే, కానీ నాకు పొడుగెక్కువ, జారిపోతానేమో" అంది. తర్వాత తట్టాంచావడిలో ఫైబర్ తొట్లు పోసే చిన్న వర్క్‌షాపుకు పోయాం. దాని యజమానిని అందరూ ఫైబర్ మామ అనేవాళ్ళు. మాలాగే తెలుగువాడే, కానీ ఆయన తెలుగులో సగం తమిళమే. "ఉక్కారండక్కా, కూచోని చూడండి, అప్పుడే గదా తెలిసేది" అని ఒక గులాబీ రంగు తొట్టి చూపించాడు. అత్త చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, అంతమంది పనివాళ్ళ ముందు అందులో దిగి కూర్చుంది. కూర్చుని చేతులు రెండూ అంచుల మీద పెట్టి పకపకా నవ్వింది. "ఏంది పాపా ఇది, ఇంత వెచ్చగా ఉండాది, ఒళ్ళో కూచున్నట్టు!" ఫైబర్ మామ అప్పటికే టేపు తీసి ఆమె మోకాలి ఎత్తూ నడుము వెడల్పూ కొలుస్తున్నాడు. అంచు తగ్గిస్తాననీ, దిగడానికి లోపల ఒక మెట్టు, పట్టుకోవడానికి రెండు పిడులు పెడతాననీ చెప్పాడు. ఊరందరికీ బట్ట కొలిచిన మా అత్త, తననొకరు కొలుస్తుంటే కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడిపోయింది.

నేను గొంతు సవరించుకున్నాను. ఫైబర్ పచ్చబడుతుందనీ, సన్నగా పగుళ్ళు పోతుందనీ, గులాబీ రంగు అసలు డిజైనే కాదనీ ఆయన వర్క్‌షాపులోనే నిలబడి ఆయనకే పాఠం చెప్పాను. "పోత ఇనుమైతే వందేళ్ళు వస్తుంది అత్తా." "వందేళ్ళు నేను యాడుంటానే?" అంది అత్త. పనివాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. నా మొహం చూసి ఆమె మెల్లగా లేచి బయటికొచ్చింది. "సరేలే, పాపకు తెల్సు" అని చెప్పులు వేసుకుంది. ఫైబర్ మామ టేపు చుట్టుకుంటూ "పరవాయిల్లే, పోనీలే" అన్నాడు. నేను గెలిచానని అనుకున్నాను.

సముద్రం వైపు వీధుల్లో ఒక పాత ఫ్రెంచి ఇల్లు పడగొడుతుంటే, అందులో నాలుగు సింహపు కాళ్ళున్న పోత ఇనుము తొట్టి దొరికింది. లోపల తెల్లటి ఎనామిల్. దాన్ని చూడగానే నా కళ్ళు చెమర్చాయి. (అంతగా నేను ఏ మనిషిని చూసీ కరిగిపోలేదు ఆ వయసులో.) ఎనిమిది మంది మోసుకొచ్చారు. గుమ్మం దాటి నడవలోకి వచ్చాక, బాత్రూం తలుపు ఆరంగుళాలు తక్కువని తేలింది. టేపు మెడలోనే ఉంది. కానీ నేను తొట్టిని కొలిచాను, తలుపును కొలవలేదు. గోడ పగలగొట్టే మేస్త్రి మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ తొట్టి నడవ నిండా అడ్డంగా ఉండిపోయింది. వంటింట్లోకి పోవాలంటే ఇటు నుంచి తొట్టిలోకి దిగి, అటు నుంచి ఎక్కి బయటపడాలి. అమ్మ సాంబారు గిన్నె పట్టుకుని దిగి ఎక్కుతూ, దిగినప్పుడల్లా నా చదువును తలుచుకునేది. నాయన దాంట్లోనే నిలబడి పేపరు చదివేవాడు. అత్త మాత్రం దాటలేకపోయింది. మూడు రోజులూ ముందు గదిలో కూర్చునే తింది.

చివరికి తొట్టి లోపలికి చేరింది. మొదటి స్నానానికి నేనే నీళ్ళు పట్టాను. గీజరు నీళ్ళన్నీ పోశాను. ఇనుము వేడిని పట్టుకుంటుందని పుస్తకంలో ఉన్నమాట నిజమే. ఎవరి దగ్గర్నుంచి పట్టుకుంటుందో పుస్తకంలో లేదు. పొగలు కక్కుతూ పడిన నీళ్ళు అత్త స్టూలెక్కి, అంచు మీద ఒక కాలు వేసి, నా భుజం పట్టుకుని దిగేలోపు చల్లబడిపోయాయి. "ఎట్లుంది అత్తా?" అన్నాను. ఆమె పళ్ళు కొట్టుకుంటూ "శానా బాగుంది పాపా" అంది. లేవాల్సొచ్చినప్పుడు లేవలేకపోయింది. ఎనామిల్ మీద పాదం నిలవడం లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. నేనూ అమ్మా చెరో చెయ్యి పట్టి లాగుతుంటే ముందు నవ్వింది. రెండోసారి జారినప్పుడు నవ్వు ఆగిపోయింది. "వదలొద్దే పాపా" అంటూ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆమె భయపడటం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆమె ఆ తొట్టిలో దిగలేదు. అడిగితే "రేపు పాపా, ఈ పొద్దు జలుబు" అనేది. దాని పక్కనే ప్లాస్టిక్ బకెట్టులో వేడినీళ్ళు పోసుకుని పాదాలు మాత్రం పెట్టుకుని కూర్చునేది. నేను చూశాను. చూసి కూడా, వేరే తొట్టి తెద్దామని ఒక్క మాట అనలేదు. అంటే నేను తప్పు చేశానని ఒప్పుకోవాలి కదా. చుట్టాలెవరొచ్చినా ఆమె మాత్రం తలుపు తీసి చూపించేది, "మా పాప సెలెక్షన్" అని. నాలుగేళ్ళ తర్వాత గుండె జబ్బుతో పోయింది. ఆ నాలుగేళ్ళూ అందులో నీళ్ళు నింపినవాళ్ళు లేరు. అమ్మ అందులో వడియాల గుడ్డలు దాచేది.

మొన్న ఒక పని మీద తట్టాంచావడి పోతే ఫైబర్ మామ నన్ను గుర్తుపట్టాడు. జుట్టంతా నెరిసింది. టీ తెప్పించి, "మీ అత్త మళ్ళీ ఒకసారి వచ్చిందమ్మా, నీకు తెల్సునా?" అన్నాడు. నాకు తెలియదు. ఇనప తొట్టి వచ్చిన నెలలోనే ఆటోలో ఒక్కతే వచ్చిందట. ఆ చిన్న తొట్టి ఇంకా చేసిస్తావా అని అడిగిందట. ఆయన సరేనని టేపు తీశాక, "వద్దులే తమ్ముడూ. ఇంటికి తీసుకపోతే పాప మొహం చిన్నబోతాది" అందట.

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. "ఇంకేమైనా అందా మామా?" అని అడిగాను.

"ఎందుకనలేదు? అరగంట నీ గొప్పే. ఎవరైనా కొత్తగా ఇల్లు కట్టుకునే పార్టీలు వస్తే మా పాప దగ్గరికి పంపించు తమ్ముడూ, బ్రహ్మాండంగా చేస్తాది అని చెప్పి పోయింది. నేను పంపించానే, లాస్‌పేట డాక్టరమ్మ, ఆ బేకరీ అన్నదమ్ములు. రాలేదా నీ దగ్గరికి?"

వచ్చారు. నా మొదటి క్లయింట్లు వాళ్ళే. డాక్టరమ్మ ఫోను చేసిన రోజు నేను అత్త ఎదురుగానే నిలబడి, "చూశావా అత్తా, నా పేరు ఊళ్ళో ఎలా పాకిపోయిందో!" అన్నాను. ఆమె కళ్ళు పెద్దవి చేసి, "అట్నా!" అంది, ఏమీ తెలియనట్టు.